పెరిగే కుక్కపిల్లకి తక్కువ ఖర్చులో మంచి తిండి ఎంచుకోవడం ఎలా?

ప్యాకెట్ ముందువైపు బొమ్మ, పక్కన ధర. చాలామంది ఈ రెండే చూసి కుక్కపిల్లకి తిండి కొంటారు. అసలు సంగతులన్నీ వెనకవైపు, కళ్లు చికిలించి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంటాయి. భయపడక్కర్లేదు, అందులో మనకు పనికొచ్చేవి నాలుగైదు లైన్లే. ఫోన్‌లో క్యాలిక్యులేటర్, వంటింట్లో గ్రాములు చూపే చిన్న కాటా ఉంటే చాలు. ఖరీదైన ప్యాకెట్లలో ఏది నిజంగా ఖరీదో, చవక ప్యాకెట్లలో ఏది నిజంగా చవకో మీకే తేలిపోతుంది.

ముందు: పెద్దయ్యాక ఎంత బరువు ఉంటుంది?

చిన్న జాతి కుక్కలు 9 నుంచి 12 నెలలకే ఎదుగుదల పూర్తి చేసుకుంటాయి. పెద్ద జాతులు ఏడాదిన్నర వరకు, మరీ భారీ జాతులైతే దాదాపు రెండేళ్ల వరకు పెరుగుతూనే ఉంటాయి. మీ పిల్ల పెద్దయ్యాక దాదాపు 32 కిలోలు దాటేలా ఉంటే దాన్ని పెద్ద జాతి కిందే లెక్కేసుకోండి. తల్లిదండ్రులు ఎవరో తెలియని పిల్లయితే, టీకా వేయించడానికి వెళ్లినప్పుడు డాక్టర్‌ని అడగండి, ఒక అంచనా చెబుతారు.

ఈ సంగతి ముందే ఎందుకు తేల్చుకోవాలంటే, కాల్షియం వల్ల. ఎదుగుదల పూర్తయిన కుక్క ఒంట్లో కాల్షియం సరిపోగానే పేగులు మిగతాది పీల్చుకోవడం తగ్గిస్తాయి. సుమారు ఆరు నెలల లోపు పిల్లలకి ఆ అదుపు సరిగా ఉండదు, పెట్టినదాంట్లో చాలా భాగం లోపలికి పోతుంది. వేగంగా పెరిగే పెద్ద జాతి పిల్లల్లో ఇలా ఎక్కువైన కాల్షియం ఎముకల్ని, కీళ్లని దెబ్బతీస్తుంది. అందుకే వాటికి ‘లార్జ్ బ్రీడ్ పప్పీ’ అని విడిగా తయారుచేసే తిండి ఉంటుంది. ‘ఎముకలు గట్టిపడతాయి’ అని దాని మీద కాల్షియం పొడో సిరప్పో కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. మంచి తిండి పెడుతున్నప్పుడు ఆ సీసా ఖర్చు మీకు మిగిలినట్టే.

తర్వాత: లేబుల్ మీద ఒక్క వాక్యం వెతకండి

ముందువైపు ‘పప్పీ’ అని రాసి ఉంటే సరిపోదు. వెనకాల ఆ తిండి ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ (అంటే కావలసిన పోషకాలన్నీ సరైన పాళ్లలో ఉన్నవి) అనీ, ఏ వయసుకి అనీ రాసి ఉండాలి. అమెరికాలో ఆఫ్కో, యూరప్‌లో ఫెడియాఫ్ అనే సంస్థలు ఈ పోషకాల ప్రమాణాలు ఇస్తాయి. ఇతర దేశాల కంపెనీలు కూడా తరచూ వాటినే పాటిస్తాయి. ‘గ్రోత్’ అని గానీ, ‘ఆల్ లైఫ్ స్టేజెస్’ అని గానీ ఉంటే కుక్కపిల్లకి పెట్టొచ్చు. ‘మెయింటెనెన్స్’ అని మాత్రమే ఉంటే అది ఎదుగుదల పూర్తయిన కుక్కలకి. ‘కాంప్లిమెంటరీ’ అనో ‘సప్లిమెంటల్’ అనో ఉంటే అది రుచి కోసం పక్కన పెట్టేదే, దాని మీదే పిల్లని పెంచకూడదు.

పెద్ద జాతి పిల్లయితే ఇంకో రెండు మాటలు ఎక్కువ చదవాలి. ఆఫ్కో వాక్యంలో 70 పౌండ్లు, అంటే సుమారు 32 కిలోలు, దాటే కుక్కల ఎదుగుదలకి కూడా సరిపోతుందనో, వాటికి తప్ప మిగతా వాటికి సరిపోతుందనో రాస్తారు. ‘ఎక్సెప్ట్’ అన్న మాట కనిపిస్తే ఆ ప్యాకెట్ పక్కన పెట్టేయండి.

అంకెలు, పదార్థాలు: ఎక్కడ మోసపోతాం

ఆఫ్కో లెక్కలో ఎదిగే పిల్లకి, నీరు తీసేసి చూస్తే, కనీసం 22.5 శాతం ప్రొటీన్, 8.5 శాతం కొవ్వు ఉండాలి. ‘నీరు తీసేసి’ అన్నదే ఇక్కడ కీలకం. డబ్బాలో వచ్చే తడి తిండి మీద 9 శాతం ప్రొటీన్ అని చూసి చాలామంది పెదవి విరుస్తారు. దాంట్లో 78 శాతం నీరే అనుకోండి, మిగిలింది 22 శాతం. 9ని 22తో భాగించి 100తో గుణిస్తే దాదాపు 41 శాతం వస్తుంది. 10 శాతం తేమ ఉండి, 26 శాతం ప్రొటీన్ అని రాసిన డ్రై ఫుడ్‌కి ఇదే లెక్క వేస్తే 29 వస్తుంది. రెండూ కనీస ప్రమాణం దాటినవే. అంకె పెద్దదైనంత మాత్రాన తిండి గొప్పదైపోదు.

పదార్థాల జాబితాలో బరువు ప్రకారం ఎక్కువది ముందు వస్తుంది, అదీ వండకముందు బరువు. పచ్చి చికెన్‌లో మూడింట రెండొంతుల పైనే నీరు కాబట్టి అది సులువుగా మొదటి స్థానం కొట్టేస్తుంది. ఎండబెట్టి పొడి చేసిన ‘చికెన్ మీల్’ మూడో పేరుగా ఉన్నా ప్రొటీన్ దాన్నుంచే ఎక్కువ రావచ్చు. ‘బై ప్రొడక్ట్స్’ (మాంసం తీశాక మిగిలే భాగాలు) అంటే కూడా ముఖం చిట్లించక్కర్లేదు, వాటిలో కాలేయం లాంటి పోషకాలున్న భాగాలు ఉంటాయి.

ఇక ‘ప్రీమియం’, ‘హోలిస్టిక్’. ఈ మాటల వెనక పోషకాల ప్రమాణం ఏదీ లేదు, వాటికోసం అదనంగా డబ్బు పెట్టడం నాకైతే దండగ అనిపిస్తుంది. ‘గ్రెయిన్ ఫ్రీ’ కూడా అంతే. ధాన్యం పడదని డాక్టర్ తేల్చితే తప్ప దాని అవసరం లేదు. పైగా బఠాణీలు, పప్పుల పాళ్లు ఎక్కువున్న తిండికీ కుక్కల్లో ఒక గుండె జబ్బుకీ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశీలన మొదలుపెట్టింది. ఇదే కారణమని రుజువు కాలేదు. కానీ అక్కర్లేని దానికోసం ఎక్కువ డబ్బిచ్చి మరీ ఆ అనుమానం ఇంటికి తెచ్చుకోవడం ఎందుకు?

అసలు లెక్క: కిలో ధర కాదు, కేలరీ ధర

కుక్కపిల్ల తినేది కిలోలు కాదు, కేలరీలు. లేబుల్ మీద సాధారణంగా కిలోకి ఎన్ని కిలో కేలరీలో (మామూలుగా మనం కేలరీలు అనేవి ఇవే) రాసి ఉంటుంది. ఒక డ్రై ఫుడ్‌లో 3,300, ఇంకోదాంట్లో 4,000 ఉన్నాయనుకుందాం. రెండోది కిలోకి 20 శాతం ఎక్కువ ధర పలికినా నిజానికి అది ఖరీదు కాదు, గిన్నెలో అంతకంతా తక్కువ పెడితే సరిపోతుంది. ప్యాకెట్ ధరని అందులోని మొత్తం కేలరీలతో భాగించి, వెయ్యితో గుణించండి. వెయ్యి కేలరీలకి ఎంత పడుతుందో తెలుస్తుంది. తడి తిండి కిలోలో కేలరీలు సాధారణంగా వెయ్యికి అటూ ఇటూగానే ఉంటాయి కాబట్టి దాని మీదే పెంచితే ఖర్చు ఎందుకు పేలిపోతుందో ఈ లెక్కలో కనిపిస్తుంది. డ్రై ఫుడ్ మీద చెంచాడు కలిపితే ముచ్చట తీరుతుంది, జేబూ బతుకుతుంది.

మరి రోజుకి ఎంత కావాలి? బరువుని కిలోల్లో తీసుకుని దానితోనే గుణించండి, ఇంకోసారి గుణించండి. వచ్చినదానికి వర్గమూలం రెండుసార్లు నొక్కండి. 5 కిలోల పిల్లకి 125 వస్తుంది, మొదటి వర్గమూలం 11.18, రెండోది 3.34. దాన్ని 70తో గుణిస్తే 234. నాలుగు నెలల లోపు పిల్లకి దీనికి మూడు రెట్లు, అంటే దాదాపు 700 కిలో కేలరీలు. నాలుగు నెలలు దాటాక రెండు రెట్లు. కిలోకి 3,600 ఉన్న తిండి అయితే 700కి 195 గ్రాములు. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. పిల్ల బరువు ప్రతి వారం మారుతుంది, కనీసం రెండు వారాలకోసారి తూచి మళ్లీ లెక్క వేయండి. కప్పుతో కొలిస్తే తేడా వస్తుంది, గ్రాముల్లోనే తూచండి.

సంచి ఎంత పెద్దది కొనాలి?

ఇక్కడ నేనొకసారి బాగా దెబ్బతిన్నాను. 2 కిలోల బుల్లి పిల్లకి, కిలోకి చవక పడుతోందని పది కిలోల సంచి తెచ్చాను. అది తినేది రోజుకి వంద గ్రాములు! రెండో నెలకే పాత నూనె వాసన మొదలై, సగం పైన పారబోశాను. తెరిచిన డ్రై ఫుడ్ ఆరు వారాల్లోపు అయిపోయేలా చూసుకోవడం మంచిది, లేకపోతే కొవ్వు చెడుతుంది. రోజుకి కావలసిన గ్రాముల్ని 42తో గుణించండి, అంతకన్నా పెద్ద సంచి వద్దు. డబ్బాలో ఒంపకుండా సంచితోపాటే మూత గట్టిగా ఉండే డబ్బాలో పెడితే తేదీ, బ్యాచ్ నంబర్ కూడా చేతిలో ఉంటాయి.

‘ఇంట్లో వండితే ఇంకా చవక కదా’ అనేవాళ్లుంటారు. పెద్ద కుక్కకే అది కష్టం, ఎదిగే పిల్లకి మరీను. మాంసంలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. వట్టి మాంసం మీద పెరిగిన పిల్ల ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది, చిన్న దూకుకే కాలు విరిగే స్థితి వస్తుంది. తప్పదనుకుంటే పశువుల పోషకాహార నిపుణుడు కొలిచి ఇచ్చిన పద్ధతినే పాటించాలి. తల్లిపాలు మానిన పిల్లకి గిన్నెడు పాలు పోస్తే తరచూ విరేచనాలే మిగులుతాయి. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, జైలిటాల్ (చక్కెర బదులు వాడే తీపి) కలిసిన పదార్థాలు, వండిన ఎముకలు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు.

మార్చడం, గమనించడం

కొత్త తిండికి ఒక్కరోజులో మారిస్తే కడుపు తిరగబడుతుంది. మొదటి రెండు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత రెండు రోజులు సగం, ఆపై ముప్పావు. వారానికి పూర్తిగా కొత్తదే. నాలుగు నెలల వరకు రోజుకి మూడు నాలుగు పూటలు, ఆరు నెలల వరకు మూడు, తర్వాత రెండు. బిస్కెట్లు, ట్రీట్లు మొత్తం కేలరీల్లో పదో వంతు దాటకూడదు.

తిండి సరిపోతుందో లేదో చేతివేళ్లే చెబుతాయి. పక్కటెముకల మీద మెల్లగా రాస్తే ఒక్కొక్కటీ తెలియాలి, కానీ బయటికి పొడుచుకు రాకూడదు. పైనుంచి చూస్తే నడుము కనిపించాలి. ‘బొద్దుగా ముద్దుగా’ ఉండటం కుక్కపిల్లకి మంచిది కాదు. అమెరికాలో 48 లాబ్రడార్లని జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి చిన్నప్పటి నుంచీ రెండోదానికన్నా పావు వంతు తక్కువ పెడుతూ జీవితాంతం గమనించారు. 2002లో ఫలితాలు ప్రచురించారు. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి, కీళ్ల నొప్పులూ ఆలస్యంగా వచ్చాయి.

వాంతులు, విరేచనాలు ఒక రోజు మించినా, పిల్ల డీలా పడినా ప్యాకెట్లు మార్చి చూస్తూ కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మరీ చిన్న జాతి పిల్లలు కొన్ని గంటలు తినకపోయినా రక్తంలో చక్కెర పడిపోవచ్చు, వాటి విషయంలో అసలు ఆగొద్దు. అంతా బాగుంటే ఎదుగుదల పూర్తయ్యేవరకు అదే తిండి పెట్టి, ఆ తర్వాత ‘మెయింటెనెన్స్’ తిండికి మారండి, మళ్లీ అదే వారం రోజుల పద్ధతిలో.