కార్డు లెక్కలు, 5వ పాఠం: ఫీజు పడే నెల

పోయిన పాఠంలో పన్నెండు నెలల స్టేట్‌మెంట్లు తీసి, ఖర్చులన్నీ నోట్‌బుక్‌లో ఎక్కించమన్నాను. ఎక్కించినవాళ్ళకి ఈ పాఠం గంటలో అయిపోతుంది. ఎక్కించనివాళ్ళు ముందు ఆ పని చేసుకుని రండి, ఇవాళ పనంతా ఆ అంకెలతోనే.

ఏటా ఫీజు కట్టే క్రెడిట్ కార్డుని ఏడాదికోసారి నిలదీయాలి. ఉంచుకోవాలా, అదే బ్యాంకులో చిన్న కార్డుకి దిగాలా (బ్యాంకువాళ్ళు డౌన్‌గ్రేడ్ అంటారు), లేక మూసేయాలా? దీనికి సరైన సమయం ఫీజు పడబోయే ముందు నెల. ఆ నెల ఏదో తెలుసుకోవడమే మొదటి మెట్టు. కార్డు ఏడాది మీ కార్డు జారీ అయిన తేదీ నుంచి నడుస్తుంది, ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాదు. ఈ తేడా తెలియకే నేను ఒకసారి బోల్తా పడ్డాను. మూడు లక్షల ఖర్చు దాటితే ఫీజు మాఫీ అన్నారు కదా అని, పిల్లాడి స్కూలు ఫీజూ బీమా ప్రీమియమూ మార్చి దాకా ఆపి మరీ ఆ కార్డు మీద కట్టాను. నా కార్డు ఏడాది ఫిబ్రవరిలోనే ముగిసింది. 2,500 ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ 450, మొత్తం 2,950 రూపాయలు స్టేట్‌మెంట్‌లో కూర్చున్నాయి. జీఎస్టీ సంగతి కార్డు అమ్మేటప్పుడు ఎవరూ ఎత్తరు, అందుకని మీ లెక్కలో ఎప్పుడూ జీఎస్టీ కలిపిన అంకే వేయండి.

ఇంకో మెలిక: మాఫీకి పెట్టిన ఖర్చు పరిమితిలోకి పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసుకున్న డబ్బు చాలా కార్డుల్లో రావు. షరతుల కాగితంలో ఆ పేరా ఒక్కటైనా చదవండి.

ఇప్పుడు అసలు లెక్క. నోట్‌బుక్‌లో నా పేజీనే చూపిస్తాను. బ్యాంకు పంపిన మెయిల్ ప్రకారం ఆ ఏడాది నాకు కలిగిన లాభం ఏడు వేల పైమాటే. నా లెక్కలో అది 1,990 రూపాయలకి దిగింది. ఎలాగంటే:

ఎయిర్‌పోర్టు లాంజ్‌కి నాలుగుసార్లు వెళ్ళాను. రెండుసార్లు నిజంగా ఆకలేసి వెళ్ళాను. కార్డు లేకపోతే శంషాబాద్‌లో బయట ఇడ్లీ, కాఫీకి 350 పెట్టేవాణ్ణి. మిగతా రెండుసార్లు ఊరికే వస్తోంది కదా అని దూరాను, వాటి విలువ సున్నా. బ్యాంకు లెక్కలో ఒక్కో ప్రవేశం ధర ఎంతైనా కావచ్చు, నా జేబులో మిగిలింది 700. రెన్యువల్‌కి 1,500 షాపింగ్ ఓచరు ఇచ్చారు. ఆ కొట్టుకి నేను మామూలుగా వెళ్ళను, వెళ్ళి కొన్నవాటిలో సగమే అవసరమైనవి. 750 వేశాను.

చాలామంది తప్పు చేసేది పాయింట్ల దగ్గర. ఏడాదిలో 1,80,000 ఖర్చు పెట్టాను, పాయింట్లని రూపాయల్లోకి మారిస్తే 1.3 శాతం, అంటే 2,340. దాన్నంతా లాభంలో వేసుకోకూడదు. నా దగ్గరున్న ఫీజు లేని రెండో కార్డు మీద అదే ఖర్చు పెట్టినా 1 శాతం, అంటే 1,800 ఎలాగూ వచ్చేవి. ఈ ఫీజు కార్డు తెచ్చింది ఆ తేడా మాత్రమే: 540. అన్నీ కలిపితే 1,990. కట్టింది 2,950. 960 రూపాయలు నష్టం.

నష్టం తేలింది కదా అని వెంటనే మూసేయకండి, ముందు అడగండి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి నేను ఇలా అన్నాను: "మేడమ్, వచ్చే నెల ఫీజు పడుతుంది. నా వాడకానికి ఆ ఫీజు గిట్టుబాటు కావట్లేదు. మీరేమైనా చేయగలరా, లేకపోతే కార్డు మూసేద్దామనుకుంటున్నాను." ఆవిడ "ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి సార్" అని పాట పెట్టింది. తిరిగి వచ్చాక, అరవై రోజుల్లో యాభై వేలు ఖర్చు పెడితే ఫీజు వెనక్కి వేస్తామంది. మా ఇంట్లో నెలకి పాతిక వేలు ఎలాగూ కార్డు మీదే పోతాయి కాబట్టి ఒప్పుకున్నాను. అంత వాడకం లేనివాళ్ళు ఒప్పుకోకూడదు. 2,950 తప్పించుకోవడానికి అక్కర్లేని ఇరవై వేల ఫోను కొంటే అసలు కన్నా కొసరే మిన్న అయినట్టు. ఏ మాట ఇచ్చినా సర్వీస్ రిక్వెస్ట్ నంబరు తీసుకోండి, మెసేజ్ పంపమనండి. బెదిరింపుగా మాత్రం "మూసేయండి" అనకండి, నిజంగానే మూసేస్తారు.

ఈలోగా ఫీజు బిల్లులో పడిపోతే, గొడవ నడుస్తోంది కదా అని బిల్లు ఆపకండి. లేటు ఫీజు, వడ్డీ, సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర రాసిపెట్టే సంస్థ) మచ్చ, మూడూ కలిసి వస్తాయి. కట్టేసి, వెనక్కి అడగండి.

వాళ్ళు మాఫీ చేయనంటే డౌన్‌గ్రేడ్. నా ఓటు సాధారణంగా దీనికే. కానీ ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు తేల్చుకోవాలి. పాత ఖాతానే కొనసాగిస్తారా, లేక కొత్త దరఖాస్తుగా తీసుకుంటారా? పాయింట్లు కొత్త కార్డులోకి వస్తాయా? లిమిట్ తగ్గుతుందా? దిగబోయే కార్డుకి ఫీజు ఎంత? పాత ఖాతానే కొనసాగితే మీ చరిత్ర తెగదు. కొత్త దరఖాస్తు అయితే సిబిల్‌లో ఒక ఎంక్వైరీ (మీరు కొత్తగా అప్పు అడిగినట్టు నమోదు) పడుతుంది. కో-బ్రాండ్ కార్డులకి (బ్యాంకు ఇంకో కంపెనీతో కలిసి ఇచ్చేవి) చాలాచోట్ల దిగడానికి మెట్టే ఉండదు.

ఇక మూసివేత. సిబిల్ భయం ఇక్కడ అవసరానికి మించి ఉంది. చూడాల్సింది ముఖ్యంగా లిమిట్. ఒక బ్యాంకులో మూడు లక్షలు, ఇంకో బ్యాంకులో లక్ష లిమిట్ ఉండి, నెలకి 60,000 వాడితే మొత్తం లిమిట్‌లో వాడకం 15 శాతం. మూడు లక్షల కార్డు మూస్తే అదే ఖర్చు ఒక్కసారిగా 60 శాతం అవుతుంది. ఇల్లు కొనడానికి లోన్ అడగబోయే ముందు ఇది మంచిది కాదు. అదే రెండు కార్డులూ ఒకే బ్యాంకువై, లిమిట్ రెండింటికీ ఉమ్మడిగా ఉంటే, ఒకటి మూసినా మొత్తం లిమిట్ మామూలుగా అంతే ఉంటుంది. మీది ఏ రకమో బ్యాంకు యాప్‌లో చూసుకోండి.

మూసే వారం ముందు పాయింట్లు వాడేయండి. ఈఎంఐలు ఉంటే తీర్చండి. ఓటీటీ, కరెంటు బిల్లు లాంటి ఆటోపేలని వేరే కార్డుకి మార్చండి. ఇంట్లోవాళ్ళ దగ్గరున్న యాడ్-ఆన్ కార్డు కూడా దీంతోపాటే పోతుంది, చెప్పకపోతే కిరాణా కొట్టు దగ్గర వాళ్ళు ఇబ్బంది పడతారు. బకాయి సున్నా చేశాక కూడా రెండు మూడు రోజులు ఆగండి. నా అభ్యర్థన ఒకసారి వెనక్కి వచ్చింది, కారణం 3 రూపాయల 60 పైసలు! రెండు వేల పెట్రోలు మీద పడ్డ 20 రూపాయల సర్‌ఛార్జ్ తిరిగి ఇచ్చారు గానీ, ఆ సర్‌ఛార్జ్ మీది జీఎస్టీ అలాగే ఉండిపోయింది.

2022 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆర్‌బీఐ నిబంధనలు ఇక్కడ మీకు అండ. బకాయిలు లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకి 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. ఉత్తరం రాసి పోస్టులో పంపమని పట్టుబట్టకూడదు. మీ జమ ఏదైనా మిగిలి ఉంటే మీ బ్యాంకు ఖాతాలో వేయాలి. మూసివేత సంగతి సిబిల్ లాంటి సంస్థలకి కూడా తెలపాలి. అందుకని నెలన్నర తర్వాత క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి, ఏడాదికోసారి ఉచితంగానే ఇస్తారు.

ఇంటిపని. ఫీజు 1,000, పైన జీఎస్టీ. ఈ కార్డు ఆన్‌లైన్ కొనుగోళ్ళకి 5 శాతం ఇస్తుంది, మీ ఉచిత కార్డు 1 శాతం. ఏడాదిలో ఆన్‌లైన్‌లో కొన్నది 36,000. ఉంచాలా? లెక్క వేశాక ఇంకోసారి వేయండి: ఆ 36,000లో పది వేలు, ఆఫర్ ఉంది కదా అని కొన్నవే. జవాబు 6వ పాఠం మొదట్లో.