చెక్‌పోస్ట్ కాడున్నోడికి చెప్పిండ్రా? సౌత్ సూడాన్ పోయే మన పిల్లలకు జాగ్రత్తలు

నాసిర్ వార్త చదివిన కాడికెల్లి మనసు నిలుస్తలేదు, అందుకే రాస్తున్న. 2025 మార్చి 7న సౌత్ సూడాన్‌ల నాసిర్ అనే ఊర్ల చిక్కుకున్న సర్కారు సైనికులను బయటికి తేనీకి యూఎన్ హెలికాప్టర్ పోయింది, దాని మీద కాల్పులు జరిగినయ్, సిబ్బందిల ఒకాయన చనిపోయిండు, ఇద్దరికి పెద్ద దెబ్బలు తగిలినయ్, వాళ్లు తీస్కరావాలనుకున్న జనరల్ కూడ బతకలే. ఆ తర్వాత యూఎన్ పెద్దలు చెప్పిన మాట చదివి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. మీకేం కాదు అని ముందే హామీ వచ్చినంకనే పోయినం అన్నరు. హామీ ఇచ్చినోడు ఒకడు, తుపాకీ పట్టుకున్నోడు ఇంకొకడు.

నాది దేవరకొండ దిక్కు. మిలట్రీల చేసి దిగిన, అండ్ల ఒక ఏడాది సౌత్ సూడాన్‌ల మలకాల్ పట్నంల యూఎన్ డ్యూటీ. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు ఇప్పుడు కూడ పోతనే ఉన్నరు, కొందరు బెటాలియన్‌ల, కొందరు కాంట్రాక్టర్ల కింద డ్రైవర్లు, జనరేటర్ మెకానిక్‌లు. డిసెంబర్ వచ్చిందంటే అక్కడ వానలు నిలుస్తయ్, రోడ్లు ఎండుతయ్, బండ్లు కదుల్తయ్, బండ్ల ఎంబడే తుపాకులు కూడ కదుల్తయ్. మలేరియా గోలీలు, దోమతెర, నీళ్లు, హెల్మెట్, ఇవన్ని మీకు పోయేటప్పుడే చెప్తరు, నేను మళ్ల చెప్ప. ఒక్క తప్పు గురించే చెప్త. పైన ఓకే అన్నరు కదా అని బండి తీసుడు. ఇదే తప్పు. దీంతోనే మనుషులు పోవుడు చూసిన.

పోకముందు తెలుసుకోవాల్సింది

అక్కడ ఇప్పుడు "కలిపిన సైన్యం" ఉన్నది. 2018 సెప్టెంబర్‌ల ప్రెసిడెంట్ సల్వా కీర్ సర్కారుకు, దాని మీద తిరగబడ్డ రీక్ మచార్ పక్షానికి ఒప్పందం అయింది, రెండు దిక్కుల మందిని కలిపి 83 వేల మందితోని ఒక్క సైన్యం చేద్దమనుకున్నరు. మొదటి దఫా పాసింగ్ అవుట్ పరేడ్ రాజధాని జూబాల అయ్యేసరికే 2022 ఆగస్టు 30 వచ్చింది. ఆయుధాల మీద యూఎన్ నిషేధం ఉండె, ట్రైనింగ్‌ల చానామందికి కర్రలే తుపాకులు. అప్పటికి కూడ ఎటూ పంపలే, మొదటి బెటాలియన్ మలకాల్‌కు కదిలేసరికి 2023 నవంబర్. ఆ మీదట జీతాలు లేవు. 2024 ఫిబ్రవరిల సూడాన్ దిక్కు ఆయిల్ పైప్‌లైన్ పగిలి సర్కారుకు పైసలు ఆగిపోయినయ్, సైనికులకు నెలలకు నెలలు జీతం రాలే.

ఇప్పుడు ఆలోచించుండ్రి. ఇద్దరు ఒకే డ్రెస్సు వేసుకున్నరు, ఒకే గుడారంల పండుకుంటున్నరు, ఇద్దరికీ జీతం లేదు. ఆకలైతే ఎవని కాడికి పోతరు? పాత కమాండర్ కాడికే పోతరు. వాడు రెండు మేకలు కోయించిండంటే ఆ రోజు వాడే సైన్యం. అందుకే డ్రెస్సు చూసి నమ్మొద్దంటున్న. కొత్త కమాండర్ సంతకం పెట్టిన కాగితం పాత కమాండర్ మనిషికి ఏమాత్రం పట్టది.

మా తాత చెప్పేటోడు, 48 పోలీస్ యాక్షన్ తర్వాత మా దిక్కు ఊర్లల్లకు యూనియన్ మిలట్రీ వస్తే జనం డ్రెస్సు చూడకపోయేదంట, ఎవని ఇంట్ల దిగిండ్రు, ఎవడు ఎంబడి వచ్చిండు అని చూసేదంట. అక్కడ ఊరోళ్లు కూడ గంతే. నాసిర్‌ల లొల్లి మొదలైందే దాని మీద. ఏండ్ల నుంచి ఉన్న పటాలాన్ని తీసి కొత్తోళ్లను పంపుతమని సర్కారు అన్నది, వచ్చేది కలిపిన సైన్యం కాదు, ఒక్క పక్షపోళ్లే అని అక్కడి నుయెర్ తెగ పోరగాళ్లు, తుపాకులు పట్టిన వాళ్ల దండును వైట్ ఆర్మీ అంటరు, ఎదురు తిరిగిండ్రు. అందుకని ఏ ఊరికి పోయినా ఇక్కడ ఇప్పుడున్న పటాలం ఏ దిక్కుది, ఎప్పుడొచ్చింది, జీతం ఎప్పుడు పడ్డది, ఈ మూడు అడుగుండ్రి. జీతం సంగతి తప్పకుండ అడుగుండ్రి.

రోడ్డెక్కినంక

నేను చూసింది చెప్త. మా కాన్వాయ్ ఎంబడి ఒక కాంట్రాక్టర్ లారీ ఉండె, డ్రైవర్ మనోడు కాదు, వేరే దేశపాయన, మంచోడు, మాతోని చాయ్ తాగేటోడు. జూబా నుంచి పర్మిషన్ కాగితం ఉన్నది, స్టాంపు ఉన్నది, మలకాల్‌ల ఆఫీసర్ ఫోన్‌ల ఓకే అన్నడు. ఒక రోజు మేము రిపేర్ కోసం వెనక ఆగినం, ఆయన మా కోసం ఆగక ముందుకు పోయిండు. దారిల తాడు అడ్డం కట్టి ఇరవై ఏండ్ల పిల్లగాడు నిలబడ్డడు. ఈయన బండి స్లో చేసి కాగితం కిటికీలకెల్లి ఊపుకుంట తాడు మీదికెల్లి పోనిచ్చిండు. పిల్లగానికి చదువు రాదు, పొద్దటి నుంచి ఏం తినలే, తాడు తెగింది, కాల్చిండు. తొడల తగిలింది. మేము పోయి చూసేసరికి లారీ కింద నీడల పడున్నడు. కాలు తీసేసిండ్రు. ఆ పిల్లగాడు ఏడ్చుకుంట కూసున్నడు, నాకెవ్వడు చెప్పలే, నాకెవ్వడు చెప్పలే అని ట్రాన్స్‌లేటర్‌తోని చెప్తనే ఉన్నడు.

నాకెవ్వడు చెప్పలే. నేను రాసిన దాంట్ల ఒక్కటి యాదిపెట్టుకుంటే ఈ మాట పెట్టుకోండ్రి. పైన చెప్పిండ్రా అని అడిగేది కాదు, చెక్‌పోస్ట్ కాడ నిలబడ్డోడికి చెప్పిండ్రా అని అడగాలె. ఈ పూట నిలబడ్డోడికి. పొద్దుగాల డ్యూటీల ఉన్నోడికి చెప్పినా పగటీలి వచ్చినోడికి తెల్వదు.

ఇది ఇప్పటిది కూడ కాదు. 2012 డిసెంబర్ 21న జోంగ్లే రాష్ట్రంల యూఎన్ హెలికాప్టర్‌ను అక్కడి సైన్యమే కూల్చింది, నలుగురు రష్యా వాళ్లు పోయిండ్రు, తర్వాత పొరపాటున కాల్చినమన్నరు. 2013 ఏప్రిల్‌ల అదే జోంగ్లేల కాన్వాయ్‌కు కాపలా పోయిన మన ఇండియా సైనికులు అయిదుగురు చనిపోయిండ్రు. 2016 జూలై 7న జూబాల ఒక చెక్‌పోస్ట్ కాడ రెండు పక్షాల సైనికులు కాల్చుకున్నరు, రెండో రోజుకే లొల్లి ప్రెసిడెంట్ బంగ్లా దాక పోయింది, ఊరు ఊరంత అంటుకుంది. అక్కడ చెక్‌పోస్ట్ అంటే మన టోల్‌గేట్ లెక్క అనుకోవద్దు.

ఇగ వరుసగ చెప్త, రాసుకోండ్రి.

బండి పూర్తిగ ఆపాలె. స్లో చేసుడు ఆపుడు కాదు.

అద్దాలు దించుండ్రి, చేతులు స్టీరింగ్ మీద కనబడాలె, నల్ల కళ్లద్దాలు తియ్యుండ్రి, వాని కండ్లల్లకు చూసి సలాం పెట్టుండ్రి.

కాగితం ఊపొద్దు. ట్రాన్స్‌లేటర్‌తోని చదివించుండ్రి. మీ ఆఫీసర్‌కు ఫోన్ చేస్త అని బెదిరియ్యొద్దు, వాని ఆఫీసర్‌కు వాడే కబురు పెట్టేదాక కూసోండ్రి, నాలుగు గంటలైనా సరే, మేము ఒకసారి పొద్దు గూకేదాక కూసున్నం.

ట్రాన్స్‌లేటర్‌ది ఏ దిక్కో ముందే తెలుసుకోండ్రి. కీర్ తెగ అయిన డింకాల చెక్‌పోస్ట్ కాడ మచార్ తెగ అయిన నుయెర్ పిల్లగాన్ని ముందటికి తోలితే మీ ప్రాణం మాట అటుంచి వాని ప్రాణం తీసినోళ్లయితరు.

నువ్వు ఎవని పక్షం, ఇదివరకు ఎక్కడ కొట్లాడినవ్ అని ఏ సైనికున్ని అడగొద్దు. చాయ్ తాగుకుంట కూడ అడగొద్దు.

ఫోటోలు తియ్యొద్దు. స్టేటస్ పెట్టొద్దు. ఇంటికి పంపుడు కూడ వద్దు.

తినేది ఇయ్యాలనిపిస్తది, నాకు కూడ అనిపించింది. ఒక్కనికి ఇయ్యొద్దు, వాని పక్కన నిలబడ్డోడు రెండో పక్షపోడు కావచ్చు. మీ కమాండర్‌ను అడిగి ఇస్తే అందరికీ ఇయ్యాలె, లేకుంటే అసలే వద్దు.

మందు వాసన వస్తే మాట్లాడొద్దు, బండి వెనకకు తిప్పుండ్రి.

నిన్న ఉన్న చెక్‌పోస్ట్ ఇయ్యాల లేకపోతే ఖుషీ కావద్దు. ఆడోళ్లు, పిల్లలు, పశులు రోడ్డు మీద కనబడకపోతే అక్కన్నే ఆగుండ్రి, వైర్‌లెస్‌ల చెప్పుండ్రి.

రోడ్డు దిగొద్దు. అదంత మన మక్తల్ దిక్కు నల్లరేగడి లెక్క ఉంటది, పైన ఎండినట్టు కనబడ్తది, లోపల మెత్తగ ఉంటది, బండి దిగబడ్డదంటే రాత్రి అక్కన్నే. మందుపాతరలు కూడ ఉంటయ్.

పొద్దు గూకినంక బండి తియ్యొద్దు. ఎవ్వలు చెప్పినా తియ్యొద్దు.

కాంట్రాక్టర్ సూపర్‌వైజర్ అర్జంట్ అంటడు, లోడ్ దించాలె, పైసలు కట్ చేస్త అంటడు. కట్ చేసుకోమను. చెక్‌పోస్ట్ కాడున్నోడికి చెప్పినవా అని అడుగు, చెప్పిన అంటే పేరు అడుగు, ఏ టైముకు చెప్పినవో అడుగు. నీళ్లు నమిలితే తాళంచెవి ఆయన చేతుల పెట్టి వచ్చి కూసో.

తాడు దించి పో అన్నంక కూడ ఉరకొద్దు. మీ వెనక ఆఖరి బండి దాటేదాక అద్దంల చూసుకుంట నిమ్మలంగ నడుపుండ్రి, ఎందుకంటే ముందటి బండిని ఇడిచిపెట్టినోడు వెనక బండిని ఆపిన రోజులు చానా చూసిన.