కాకటూ దీవిలో రాత్రి బసకు వెళ్లేవారికి

సిడ్నీ హార్బర్‌లోని కాకటూ దీవిలో గుడారం వేసుకుని రాత్రి ఉండాలనుకునేవారు సామాను వీలైనంత తగ్గించుకోవాలి. అక్కడికి కారు వెళ్లదు, సిడ్నీలోని సర్క్యులర్ కీ రేవు నుంచి ఫెర్రీలో చేరుకున్నాక సంచులన్నీ మనమే మోసుకోవాలి. గుడారాలు వేసే చోటు నీటి అంచునే ఉంటుంది కనుక వేసవిలోనైనా ఒక స్వెటర్ వెంట ఉండటం మంచిది. కట్టెల మంటకు అనుమతి లేదు కాబట్టి పులిహోరో చపాతీలో ఇంట్లోనే చేసుకుని, గట్టి మూత ఉన్న డబ్బాల్లో తీసుకెళ్లండి. సెప్టెంబరు నుంచి నవంబరు దాకా అక్కడ వసంతం; ఆ రోజుల్లో సీగల్ పక్షులు గూళ్లు పెట్టుకుని, దగ్గరికి వెళ్లినవారి తల మీదికి దూసుకొస్తాయి. పిల్లలకు టోపీలు తప్పనిసరి.

1839లో ఖైదీల చెరసాలగా మొదలై, ఆపైన నౌకా నిర్మాణ కేంద్రంగా మారి, 2010లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన ఈ దీవిలో గుడారం దగ్గరే కూర్చుండిపోవడం నా దృష్టిలో అన్యాయం. ఉదయాన్నే, సందర్శకుల రద్దీ మొదలవకముందే, ఖైదీలు చేత్తో తొలిచిన ధాన్యపు గాదెలనూ, ఇసుకరాతి గోడలపై ఇప్పటికీ కనిపించే పనిముట్ల గాట్లనూ తీరిగ్గా చూడండి. బాణసంచా కోసం డిసెంబరు 31 రాత్రి ఉండదలచినవారు మాత్రం నెలల ముందే బుక్ చేసుకోవాలి.