నెట్, జేఆర్‌ఎఫ్ దరఖాస్తు: అనంతపురం పీజీ విద్యార్థులు ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఎస్‌కే యూనివర్సిటీలో ఎకనామిక్స్, హిస్టరీ, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ చదివేవాళ్లలో చాలామంది నెట్ నోటిఫికేషన్ పడ్డాకే సర్టిఫికెట్ల కోసం పరుగులు పెడతారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకూ, పీహెచ్‌డీ చేసేవాళ్లకు నెలనెలా డబ్బిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌కూ రాయాల్సిన పరీక్షే నెట్. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) తరఫున జాతీయ పరీక్షల సంస్థ ఎన్‌టీఏ దీన్ని జూన్, డిసెంబరు పేర్లతో ఏడాదికి రెండుసార్లు పెడుతుంది. ఆన్‌లైన్ ఫారం నింపడానికి గంట చాలు. తహశీల్దార్ సంతకంతో రావాల్సిన కాగితానికి మాత్రం వారాలు పట్టొచ్చు. అందుకే ఫారం కంటే ముందు ఆ కాగితాల సంగతి చెప్తాను.

బీసీ విద్యార్థులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇచ్చిన కుల ధ్రువీకరణ పత్రం నెట్‌కు పనికిరాదు. నెట్‌కు కావాల్సింది కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఉండే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్, అంటే బీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పే పత్రం. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. కాబట్టి మీ కులం పేరు అందులో ఉందో లేదో ముందు జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఉంటే గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు పెట్టండి. వీఆర్వో, ఆర్ఐ విచారణ అయ్యాక తహశీల్దార్ జారీ చేస్తారు. ఆదాయ పరిమితి 8 లక్షలు అనగానే చాలామంది కంగారు పడతారు. కానీ ఈ లెక్కలో తల్లిదండ్రుల జీతాన్నీ, వ్యవసాయ ఆదాయాన్నీ కలపరు. వాళ్లు ప్రభుత్వ ఉద్యోగులైతే మాత్రం ఏ స్థాయి ఉద్యోగమో చూస్తారు.

నాతో ఎం.ఏ. చదివిన ఒకమ్మాయిది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రిజర్వేషన్ కటాఫ్‌తో జేఆర్‌ఎఫ్ వచ్చింది. చేరబోయే ముందు చూసుకుంటే చేతిలో ఉన్నది రాష్ట్ర బీసీ సర్టిఫికెట్టే. అంత మంచి మార్కులు తెచ్చుకుని కూడా ఆ వారమంతా బస్సుల్లో తిరుగుతూ, ఎక్కడ పోగొట్టుకుంటానో అని ఏడ్చింది. చివరికి పని అయింది. కానీ ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

ఈడబ్ల్యూఎస్ వాళ్లకు, అంటే ఓసీల్లో ఆర్థికంగా వెనుకబడినవాళ్లకు, ఇంకో చిక్కు ఉంది. కేంద్ర నిబంధన ప్రకారం కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, సాగుభూమి ఐదెకరాలకు తక్కువ ఉండాలి. మన జిల్లాలో వర్షం మీద ఆధారపడి వేరుశనగ వేసే ఇళ్లకు ఏడెనిమిది ఎకరాలు ఉండడం మామూలే. వాన రాని ఏడు విత్తనాల ఖర్చు కూడా తిరిగి రాదు. అయినా నిబంధన ఎకరాలనే చూస్తుంది. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది. అయినా పాస్‌బుక్‌లో ఎంత భూమి ఉందో చూసుకున్నాకే ఆ కేటగిరీ పెట్టండి. ఈ పత్రాన్ని ఏటా కొత్తగా తీసుకోవాలి.

ఇక ఫారం. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయాలి. మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి, ఆధార్‌లో పూర్తిగా ఉంటే ముందుగా ఆధార్ సరిచేయించుకోండి. ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. ఇంటర్నెట్ సెంటర్ అన్న తన నంబరు పెట్టేస్తే ఓటీపీ అతనికే వెళ్తుంది, తర్వాత మార్చుకోవడం కుదరదు. సబ్జెక్టు కోడ్‌లు ఇవి: ఎకనామిక్స్ 01, పొలిటికల్ సైన్స్ 02, సోషియాలజీ 05, హిస్టరీ 06, సోషల్ వర్క్ 10. పీజీ సబ్జెక్టు పేరు జాబితాలో లేనివాళ్లు దానికి దగ్గరి సబ్జెక్టు తీసుకోవచ్చు. 2025లో ఫీజు జనరల్‌కు 1,150, ఓబీసీ, ఈడబ్ల్యూఎస్‌లకు 600, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 325 రూపాయలు. కట్టాక కన్ఫర్మేషన్ పేజీని డౌన్‌లోడ్ చేసుకుని దాచుకోండి.

పీజీలో 55 శాతం ఉండాలి, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 50 చాలు. ఫైనలియర్‌లో ఉన్నవాళ్లూ రాయొచ్చు. జేఆర్‌ఎఫ్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. మూడు గంటల్లో 150 ప్రశ్నలు, 300 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏ ప్రశ్నా వదలొద్దు. భాషల పేపర్లు తప్ప మిగతావి ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటాయి. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్లు మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని చదవాలి.

జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత సీనియర్ ఫెలో (ఎస్‌ఆర్‌ఎఫ్)గా 42,000 రూపాయలు. అవార్డు లెటర్ మూడేళ్లు చెల్లుతుంది, ఆ లోపల పీహెచ్‌డీలో చేరాలి.

జేఆర్‌ఎఫ్ తప్పినవాళ్లు అక్కడే ఆగిపోవద్దు. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) సోషల్ సైన్స్ పరిశోధకులకు డాక్టోరల్ ఫెలోషిప్ ఇస్తుంది. అప్పటికే పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. వేరే ఫెలోషిప్ గానీ ఉద్యోగం గానీ ఉండకూడదు. ఆన్‌లైన్‌లో పెట్టడంతో పాటు యూనివర్సిటీ నుంచి ఫార్వర్డింగ్ సంతకం కావాలి కాబట్టి గైడ్, హెచ్‌ఓడీ సెలవులో లేని రోజులు చూసుకోండి. దీంట్లో ప్రాణం సినాప్సిస్‌దే, అంటే ఏం పరిశోధిస్తారో రాసిచ్చే ప్రణాళికదే. ‘అనంతపురం రైతుల సమస్యలు’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. రెండు మండలాలు ఎంచుకుని, అక్కడి నుంచి బెంగళూరుకు కూలికి పోయే ఆడవాళ్ల ఇంటి ఖర్చు ఎలా నడుస్తుందో అడగండి. అప్పుడు ప్రశ్న కళ్లకు కడుతుంది.

డిపార్ట్‌మెంట్‌లో గెస్ట్, కాంట్రాక్టు పద్ధతిలో పాఠాలు చెప్పేవాళ్లకూ ఒక మాట. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు వయోపరిమితి లేదు, నలభై దాటినా నెట్ రాయొచ్చు. పనిచేస్తున్న అధ్యాపకులకు యూజీసీ మాలవీయ మిషన్ శిక్షణ ఉంది. ఐసీఎస్‌ఎస్‌ఆర్ కూడా అధ్యాపకులకు శిక్షణ కార్యక్రమాలు, పీహెచ్‌డీ విద్యార్థులకు పరిశోధనా పద్ధతుల కోర్సులు నడుపుతుంది. వీటికి కూడా ప్రిన్సిపల్ లేదా హెచ్‌ఓడీ అనుమతి లేఖ అడుగుతారు. ఆ లేఖ నమూనా ఒకటి టైప్ చేయించి ఫోన్‌లో పెట్టుకుంటే, చివరి తేదీ రోజున తేదీ మార్చి సంతకం పెట్టించుకోవడమే మిగులుతుంది.