"ఈ జెర్సీ వేసుకోను సార్" అని ఆటగాడు అంటే కోచ్ ఏం చేయాలి

జెర్సీ ప్రింటింగుకు ఇవ్వకముందే ఆటగాళ్లను అడగండి. నేను చెప్పబోయేదాంట్లో సగం ఇదే.

2022 జులైలో ఆస్ట్రేలియాలో మ్యాన్లీ సీ ఈగల్స్ అనే రగ్బీ లీగ్ జట్టు ఇంద్రధనుస్సు రంగుల పట్టీలతో జెర్సీ కుట్టించింది. స్వలింగ ప్రేమికులకు, ట్రాన్స్‌జెండర్లకు ఆటలో చోటుందని చెప్పడానికి. ఉద్దేశం మంచిదే, కానీ ఆటగాళ్లతో ముందుగా మాట్లాడలేదు. ఏడుగురు తమ మతం, తమ సంస్కృతి ఒప్పుకోవన్నారు. జట్టంతా ఒకే జెర్సీలో దిగాలి కాబట్టి ఆ ఏడుగురూ సిడ్నీ రూస్టర్స్‌తో మ్యాచ్ ఆడలేదు. మ్యాన్లీ 20-10తో ఓడింది. కోచ్ డెస్ హాస్లర్ ఆటగాళ్లకూ, జెర్సీ ఎవరి కోసం కుట్టించారో వాళ్లకూ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. అదే జట్టుకు ఆడి, 1995లోనే తాను గే అని బయటికి చెప్పిన ఇయాన్ రాబర్ట్స్ ఇదంతా చూసి బాధపడ్డాడు. ముందే కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే ఇందులో చాలా భాగం తప్పేది.

నేను హనుమకొండలో కబడ్డీ కోచ్‌ని. నా దగ్గరికి ఫాతిమానగర్, మండిబజార్ పిల్లలు వస్తారు, పరకాల, నర్సంపేట వైపు ఊళ్ల నుంచీ వస్తారు. మ్యాట్‌కు మొక్కి దిగేవాడొకడు, సిలువ గుర్తు వేసుకునేవాడొకడు, బిస్మిల్లా అనుకునేవాడొకడు. మొన్నటి టోర్నమెంటుకు ఒక స్వచ్ఛంద సంస్థ జెర్సీలు ఇస్తామంది, భుజం మీద ఇంద్రధనుస్సు పట్టీతో. నాకు నచ్చింది. అయినా డిజైన్ ఫోన్లో పెట్టుకొని ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాను. ఇద్దరు వద్దన్నారు. ఒకడు చర్చికి పోయేవాడు, ఒకడు ఐదు పూటలా నమాజు చేసేవాడు. ఇద్దరూ నాకు ఇష్టమైన పిల్లలే.

విడిగా అడగమనడానికి కారణం ఉంది. అందరినీ వరుసగా నిలబెట్టి "ఎవరు వేసుకోరు? చేయెత్తండి" అంటే, అభ్యంతరం ఉన్నవాడు భయపడి మాట్లాడడు, లేదా మొండికేస్తాడు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఆ వరుసలోనే ఎవరికీ చెప్పుకోలేని గే కుర్రాడు ఉండొచ్చు. తన పక్కన ఎన్ని చేతులు లేచాయో వాడు లెక్కపెట్టుకుంటాడు.

మాట్లాడేటప్పుడు మతంతో వాదన పెట్టుకోకండి. "మీ గ్రంథంలో అలా ఎక్కడుంది?" అని అడగడం కోచ్ పని కాదు. అడగాల్సింది ఒక్కటే: నీకు ఏది కుదరదు, ఏది కుదురుతుంది? ఒకడికి ఒంటి మీద గుర్తు ఉండటమే ఇబ్బంది, ఆ బ్యానర్ ముందు ఆడటానికి అభ్యంతరం లేదు. ఇంకొకడికి ఫొటోతోనే పేచీ. చాలాసార్లు వాడి అభ్యంతరం మనం ఊహించినదానికంటే చిన్నది.

2023 మార్చిలో అమెరికాలోని శాన్ హోసే షార్క్స్ ఐస్ హాకీ జట్టు గోల్‌కీపర్ జేమ్స్ రైమర్ ఇలాగే విడమర్చి చెప్పాడు. గే సమాజానికి హాకీలో అన్ని చోట్లా స్వాగతం ఉండాలని, ఆ జెర్సీ వేసుకోవడం మాత్రం తన క్రైస్తవ విశ్వాసానికి సరిపడదని అన్నాడు. దాంతో చాలామంది ఏకీభవించలేదు. కానీ అతను దేనికి ఒప్పుకుంటున్నాడో, దేనికి లేదో స్పష్టంగా తెలిసింది.

తర్వాత మీ క్లబ్‌లో ఇంతవరకు ఏం చేశారో చూసుకోండి. అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాడు చికెన్ సెంటర్ పేరున్న టీషర్ట్ వద్దంటే మనం ఏమన్నాం? "సరే స్వామీ, నీది సాదాగా వేయిస్తాం" అన్నాం. దక్షిణాఫ్రికా క్రికెట్ బోర్డు ముస్లిం అయిన హషీం ఆమ్లాను బీరు కంపెనీ లోగో లేని జెర్సీతో ఆడనిచ్చింది. ఒక మతం వాడికి అడగ్గానే ఇచ్చిన వెసులుబాటు ఇంకొకడికి గొడవపడితే తప్ప ఇవ్వకపోవడం అన్యాయం. ఇటువైపు కూడా అదే కొలత పెట్టాలి. బెట్టింగ్ యాప్ లోగో వేసుకొని ఆడినవాడు ఇంద్రధనుస్సు దగ్గరే మతం గుర్తొచ్చిందంటే, ఆ తేడా ఏమిటో వాడినే ఆలోచించమనండి. మ్యాన్లీ సొంత మైదానానికి అప్పుడు ఒక బీరు కంపెనీ పేరే ఉంది, విమర్శకులు ఆ మాటే ఎత్తారు. కోపంగా కాదు, నెమ్మదిగా అడగండి.

ఇప్పుడు అసలు గీత ఎక్కడ గీయాలో చెప్తాను. గుర్తు వేసుకోకపోవడం వేరు, మనిషిని దూరం పెట్టడం వేరు. "ఆ పట్టీ వద్దు సార్" అంటే మాట్లాడుకుందాం. "వాడితో ఒకే రూంలో ఉండను", "వాడి చేయి పట్టుకొని చైన్‌లో నిలబడను" అంటే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు, కిట్ సర్దుకోమని చెప్పండి. అలాగే 'తేడాగాడు' అని వెక్కిరించడం. దాన్ని మన గ్రౌండుల్లో జోకు కింద వదిలేస్తున్నారు. మంచి ఒడుపున్న రెయిడర్లు ఆ ఒక్క మాటకే ఆట మానేసి పోతారు. 2019లో ఇజ్రాయెల్ ఫొలావ్ అనే ఆటగాణ్ని ఆస్ట్రేలియా రగ్బీ బోర్డు తొలగించింది ఏ జెర్సీ వేసుకోలేదని కాదు, గేలు పశ్చాత్తాపపడకపోతే నరకానికి పోతారని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టినందుకు. దాని మీద అతను వేసిన కేసు చివరికి రాజీతో ముగిసింది. కానీ ఈ రెండు పనుల మధ్య తేడా మీ పిల్లలకు ముందే తెలియాలి, సీజన్ మొదట్లోనే చెప్పేయండి.

చట్టం సంగతి కొంచెం. 1986లో మన తెలుగువాడైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి సుప్రీంకోర్టులో ఒక తీర్పు రాశారు. కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ విశ్వాసం కారణంగా పాడేవారు కాదు. బడి నుంచి తీసేశారు. తిరిగి చేర్చుకోవాలని కోర్టు చెప్పింది. అది ప్రభుత్వ చర్య మీద ఇచ్చిన తీర్పు, ప్రైవేటు క్లబ్బుకు అచ్చంగా అలాగే వర్తిస్తుందనుకోకండి. కానీ నాకు దారి చూపింది ఆ పిల్లలే. నిలబడ్డారు, పాడలేదు. నా ఇద్దరినీ నేను అడిగిందీ అంతే: వేసుకోవద్దు, మిగతావాళ్లు వేసుకున్నప్పుడు పక్కన నిలబడండి. రెండోవైపు కూడా చట్టం ఉంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇష్టపూర్వక స్వలింగ సంబంధాలను నేరం జాబితా నుంచి తీసేసింది. మరుసటి ఏడాది పరుగుల రాణి ద్యుతీ చంద్ తనకు ఒక అమ్మాయితో ప్రేమ ఉందని బయటికి చెప్పింది. ఆమెకు శిక్షణ ఇచ్చిన నాగపురి రమేశ్ సారే, మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి, పారా అథ్లెట్ దీప్తి జీవాంజికీ కోచ్. ఇది ఎక్కడో విదేశాల సంగతి అనేవాళ్లకు నేను ఈ పేర్లు చెప్తాను.

స్పాన్సర్‌తో మాట్లాడేటప్పుడు "మా పిల్లలు వద్దంటున్నారు" అని చేతులెత్తేయకండి, ఇంకో దారి పట్టుకొని వెళ్లండి. మేము పట్టీని జెర్సీ మీంచి తీయించి, వార్మప్‌లో చేతికి కట్టుకునే బ్యాండ్‌గా మార్పించాం. ఇష్టమున్నవాళ్లు కట్టుకున్నారు, నేనూ కట్టుకున్నాను. మ్యాట్ పక్కన బ్యానర్ మాత్రం పెద్దది పెట్టాం. అది ఎవరి ఒంటి మీదా లేదు, అందరికీ కనిపించింది. 2022 జూన్‌లో అమెరికా బేస్‌బాల్ జట్టు టాంపా బే రేస్ ఇలాంటిదే చేసింది. ఐదుగురు పిచర్లు మామూలు టోపీ పెట్టుకున్నారు, మిగతా చాలామంది ఇంద్రధనుస్సు టోపీ పెట్టుకున్నారు, మ్యాచ్ జరిగింది.

గొడవెందుకని మొత్తం ఎత్తేయడం మాత్రం నాకు నచ్చదు. అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ 2023 జూన్‌లో వార్మప్‌లో ప్రత్యేక జెర్సీలే వద్దంది. అక్టోబరులో హాకీ కర్రకు చుట్టే ఇంద్రధనుస్సు టేపును కూడా నిషేధించింది. ట్రావిస్ డర్మాట్ అనే ఆటగాడు చుట్టుకొనే ఆడాడు, రోజుల్లోనే నిషేధం వెనక్కి తీసుకున్నారు. వద్దనేవాడికి స్వేచ్ఛ ఇస్తే, కావాలనేవాడికీ ఇవ్వాలి కదా.

మ్యాచ్ రోజు పొద్దున కొత్త ఆర్డర్ ఏదీ వేయకండి. 2021 టీ20 ప్రపంచకప్‌లో అందరూ మోకాలి మీద కూర్చోవాల్సిందేనని దక్షిణాఫ్రికా బోర్డు వెస్టిండీస్‌తో మ్యాచ్ రోజే చెప్పింది. ఆ జట్టు వికెట్‌కీపర్ డికాక్ ఆ మ్యాచ్ ఆడలేదు. అది మతం విషయం కాదు, జాతి వివక్ష మీద నిరసన. తర్వాత అతను క్షమాపణ చెప్పి, తర్వాతి మ్యాచ్‌లో మోకాలి మీద కూర్చున్నాడు. చివరి గంటలో చెప్తే ఒప్పుకునేవాడు కూడా ఎదురు తిరుగుతాడు.

విలేకరులు అడిగితే "వ్యక్తిగత కారణాలు" అని దాటేయకండి. 2022లో పారిస్ ఫుట్‌బాల్ క్లబ్ పీఎస్‌జీ ఆటగాడు, సెనెగల్‌కు చెందిన ఇద్రిసా గుయే ఇంద్రధనుస్సు రంగుల జెర్సీ వేసుకునే మ్యాచ్‌కు దిగనప్పుడు అలాగే అన్నారు. ఊహాగానాలు ఊరంతా పాకి, ఫ్రాన్స్ ఫుట్‌బాల్ సమాఖ్య అతన్ని వివరణ అడిగేదాకా, సెనెగల్ అధ్యక్షుడు మద్దతుగా మాట్లాడేదాకా పోయింది. 2024 డిసెంబరులో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఇప్స్‌విచ్ కెప్టెన్ సామ్ మోర్సీ ఇంద్రధనుస్సు ఆర్మ్‌బ్యాండ్ వద్దన్నప్పుడు క్లబ్ చేసింది నాకు నచ్చింది. ఆ కార్యక్రమానికి తమ మద్దతు ఉందని, మత విశ్వాసం వల్ల కెప్టెన్ తీసుకున్న నిర్ణయాన్ని గౌరవిస్తామని ఒకే ప్రకటనలో చెప్పింది. మీరూ అలాగే రెండు వాక్యాలు ముందే రాసి పెట్టుకోండి. ఆటగాడికి చూపించి, అతను సరేనన్నాకే బయటపెట్టండి. మైకు ముందు మీరే నిలబడండి, పద్దెనిమిదేళ్ల కుర్రాణ్ని నిలబెట్టకండి.

టీం వాట్సాప్ గ్రూపును ఆ వారం అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి. మర్నాడు ప్రాక్టీసు మానవద్దు. బ్యాండ్ కట్టుకున్నవాణ్నీ, వద్దన్నవాణ్నీ లెఫ్ట్ కార్నర్, లెఫ్ట్ ఇన్‌లో పక్కపక్కన పెట్టి చైన్ ట్యాకిల్ చేయించండి. ఇద్దరిలో ఎవరైనా చేయి సరిగా పట్టుకోకపోతే రెయిడర్ తప్పించుకొని పోతాడు, అప్పుడు మళ్లీ చేయించండి.