"మిరప ఆకుముడత" మళ్లీ అడిగారా? మిద్దెతోట గ్రూపులో కొత్తవాళ్ల ప్రశ్నలు: సమస్య - పరిష్కారం

సమస్య: "మిరప ఆకులు ముడుచుకుపోతున్నాయండీ, ఏం కొట్టాలి?" వారం వారం ఇదే ప్రశ్న

కారణం: వాట్సాప్‌లో కొత్తగా చేరినవారికి, ఎవరైనా పనిగట్టుకుని పంపితే తప్ప, పాత సంభాషణ కనిపించదు. "పైన చూడండి" అంటే వాళ్ల ఫోన్లో పైన ఏమీ లేదు.

పరిష్కారం: జవాబు ఒక్కసారి నింపాదిగా రాసి పిన్ చేయండి. పిన్ 30 రోజులకు మించి ఉండదు కాబట్టి ఎప్పటికీ ఉండాల్సింది గ్రూపు వివరణలో పెట్టండి. టెలిగ్రామ్‌లోనైతే పాత సందేశాలు కొత్తవారికి కనబడేలా అడ్మిన్ సెట్టింగ్ మార్చొచ్చు.

సమస్య: పిన్ చేశాక కూడా అడుగుతున్నారు

కారణం: తన మొక్కకు వచ్చింది అదో కాదో తెలియక. ఆ అనుమానం న్యాయమైనది. మనకు ఒకే ప్రశ్నలా వినిపించేది నిజానికి రెండు. ఆకు అంచులు పైకి ముడిస్తే పైముడత, తామర పురుగుల పని. కిందికి ముడుచుకుని కాడ సాగితే కింది ముడత, తెల్లనల్లి పని. మొదటిదానికి వేపనూనె లీటరు నీటికి 5 మి.లీ., కొంచెం సబ్బు నీళ్లు కలిపి. నీలిరంగు జిగురు అట్టలు. రెండోదానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, ఎండ తగ్గాక. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు మాడిపోవచ్చు. అందుకే చూడకుండా "పాత జవాబే" అని పంపేస్తే ఆ ఇంటి మొక్కకు నష్టం.

పరిష్కారం: మందు పేరుకు ముందు ఒక ఎదురు ప్రశ్న. నేనైతే ఇలా రాస్తాను: "స్వాగతం అండీ. మిరపకు ఇది మామూలుగా వచ్చేదే, కంగారు పడకండి. ఆకు పైకి ముడిచిందా, కిందికా? ఆకు వెనకవైపు ఒక ఫోటో పెట్టండి. ఇప్పటిదాకా ఏమైనా కొట్టారా?" ఈ ఐదు వాక్యాలు ఫోన్లో దాచుకుంటే మళ్లీ టైపు చేసే పని ఉండదు.

సమస్య: "వెతుక్కోవచ్చుగా" అని పాతవాళ్లు విసుక్కుంటున్నారు, కొత్తవాళ్లు నోరు మెదపడం లేదు

కారణం: జవాబుల బరువంతా ఒకరిద్దరి మీదే పడటం.

పరిష్కారం: పోయిన నెల ఇదే అడిగి మొక్కను బతికించుకున్నవారిని ట్యాగ్ చేసి, "మీరు ఏం చేశారో చెప్పండి" అనండి. వాళ్లు సంతోషంగా చెబుతారు. విసుగ్గా ఉన్న రోజు మీరు జవాబివ్వకపోయినా ఫరవాలేదు, మరొకరు చూసుకుంటారు. ఎవరైనా కటువుగా అంటే గ్రూపులో కాకుండా విడిగా మెసేజ్ పెట్టి చెప్పండి. అడిగినవారిని వారం తర్వాత కొత్త చిగురు ఫోటో పెట్టమనండి. ఏం కొట్టారో, ఎంత కొట్టారో రాసి ఆ ఫోటోను పిన్‌లో చేర్చండి.