సెల్ఫ్ డ్రైవింగ్ కారు తడబడినప్పుడు: సమస్య, కారణం, పరిష్కారం

స్టీరింగ్, బ్రేకు, యాక్సిలరేటర్ మూడూ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది, మనం మాత్రం రోడ్డు మీంచి కళ్లు తిప్పకూడదు. కారు తనంతట తాను ఎంతవరకు నడుస్తుందో చెప్పడానికి ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ సున్నా నుంచి ఐదు దాకా లెవెల్స్ పెట్టింది. మన కార్లలో వచ్చే ఈ తరహా సాఫ్ట్‌వేర్ అందులో లెవెల్ 2. అంటే కారు ఎంత చక్కగా నడిచినా డ్రైవరు మీరే, ఏదైనా జరిగితే జవాబు చెప్పాల్సిందీ మీరే. బటన్లు ఎక్కడున్నాయో మాన్యువల్‌లో ఉంటుంది. కారు ఎక్కడెక్కడ తడబడుతుందో, ఆ క్షణంలో చేయీ కాలూ ఏం చేయాలో మాత్రం వాడుతూ వాడుతూ తెలుసుకోవాల్సిందే. నేను తెలుసుకున్నది, తోటి డ్రైవర్ల దగ్గర విన్నది ఇక్కడ రాస్తున్నాను.

కింద ఏ సమస్యకైనా పనికొచ్చే సూత్రం ఒకటుంది. ‘ఏం చేస్తుందో చూద్దాం’ అని మనసులో అనిపించిందంటే, కంట్రోల్ తీసుకోవాల్సిన సమయం అదే. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు చూస్తూ కూర్చుంటే 56 మీటర్లు దాటిపోయినట్టే.

ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి బ్రేక్ వేస్తోంది

ముందు బండి లేదు, అడ్డం వచ్చినవాళ్లు లేరు. అయినా కారు గట్టిగా బ్రేక్ కొడుతుంది. చాలా తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. అమెరికాలో రోడ్డు భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2022 ఫిబ్రవరిలో టెస్లా కార్ల మీద విచారణ మొదలుపెట్టింది కూడా దీని గురించే. అంతకుముందు తొమ్మిది నెలల్లో ఆ సంస్థకు 354 ఫిర్యాదులు అందాయి.

కారణం: కెమెరాకు దొరికేది వెలుగునీడలే. అందులోంచి వస్తువును ఊహించుకోవాల్సింది సాఫ్ట్‌వేర్. ఫ్లైఓవర్ నీడ రోడ్డుకు అడ్డంగా నల్లగా పడినా, ఎండకు తారు దూరంగా నీళ్లలా మెరిసినా, వంపులో ఎదురొచ్చే లారీ ఒక్క క్షణం మన లేన్‌లోనే ఉన్నట్టు కనిపించినా దాన్ని అడ్డంకిగా లెక్కేసే అవకాశం ఉంది. రాడార్ (రేడియో తరంగాలతో ఎదురున్నవాటిని పసిగట్టే పరికరం) ఉన్న కార్లలో రోడ్డు పైన కట్టిన ఇనుప బోర్డులు కూడా ఇలాంటి పొరపాటు చేయిస్తాయి. ఇంకో కారణం వేగ పరిమితి. పక్కనున్న సర్వీస్ రోడ్డు పరిమితిని మన రోడ్డుదనుకుని 100లో పోతున్న కారు 50కి దిగబోతుంది.

ఏది కారణమో కనుక్కోవడం తేలికే. బ్రేక్ పడిన క్షణంలో స్క్రీన్ మీద వేగ పరిమితి అంకె మారిందా చూడండి. మారితే తప్పు మ్యాప్‌దో, బోర్డు చదవడంలోనిదో. మారకపోతే కెమెరానో, రాడారో లేనిదాన్ని చూసింది.

పరిష్కారం: చాలా కార్లలో యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కితే సాఫ్ట్‌వేర్ వేసిన బ్రేక్ వదులుతుంది, సిస్టమ్ ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి ఫ్లైఓవర్లు, వంపులు వచ్చేచోట పాదాన్ని పెడల్ పైన సిద్ధంగా ఉంచండి. నొక్కే ముందు రోడ్డు నిజంగా ఖాళీయేనా అని మీ కళ్లతో చూసుకోండి, ఎందుకంటే పదిసార్లు ఉత్తుత్తి బ్రేక్ వేసిన కారు పదకొండోసారి నిజంగానే కుక్కను చూసి ఆగుతూ ఉండొచ్చు. వెనక బండి దగ్గరగా వస్తుంటే ఇలాంటి చోట్లకు ముందే సిస్టమ్ తీసేయడం మంచిది. ఉత్తుత్తి బ్రేక్‌తో పెద్ద ప్రమాదం వెనకనుంచే వస్తుంది. ఒకే చోట రోజూ జరుగుతుంటే సెట్టింగులు మార్చి లాభం లేదు. అక్కడ మీరే నడపండి.

కంట్రోల్ తీసుకుంటే కారు పక్కకు కుదుపుతోంది, లేదా వేగం తగ్గడం లేదు

దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. కొత్తవాళ్లు ఎక్కువ భయపడేది మాత్రం ఇక్కడే.

కుదుపుకి కారణం: సిస్టమ్ ఆన్‌లో ఉన్నంతసేపూ మోటారు స్టీరింగ్‌ను తన దారిలో పట్టి ఉంచుతుంది. మనం తిప్పితే మొదట ఎదురు పట్టు ఇస్తుంది. ఒక హద్దు దాటగానే ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పటికి మన చేతుల్లో ఉన్న బలమంతా చక్రాలకు పోయి కారు పక్క లేన్ వైపు ఊగుతుంది.

వేగం తగ్గకపోవడానికి కారణం వేరు. కొన్ని కార్లలో స్టీరింగ్ లాగితే ఆగేది స్టీరింగ్ సాయం ఒక్కటే, వేగాన్ని పట్టి ఉంచే క్రూయిజ్ కంట్రోల్ నడుస్తూనే ఉంటుంది. మొత్తం ఆగిపోయిందనుకుని మలుపులోకి వెళ్తే కారు అదే వేగంతో వస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో దీనికి విరుద్ధంగా ఇంకోటి జరుగుతుంది. సిస్టమ్ పూర్తిగా ఆగేసరికి మన కాలు యాక్సిలరేటర్ మీద లేకపోతే, బ్యాటరీని ఛార్జ్ చేసే రీజెన్ బ్రేకింగ్ వెంటనే పని మొదలుపెట్టి కారును వెనక్కి గుంజినట్టు చేస్తుంది.

పరిష్కారం: ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద, తక్కువ వేగంలో, మీ కారులో సిస్టమ్ ఆపే దారులన్నీ ఒక్కొక్కటిగా చేసి చూడండి. బటన్ లేదా లివర్‌తో, బ్రేక్‌తో, స్టీరింగ్‌తో. ప్రతిసారీ స్క్రీన్ మీద ఏ గుర్తు పోయిందో, ఏ గుర్తు మిగిలిందో చూడండి. సమయం ఉన్నప్పుడు స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని, కాలు యాక్సిలరేటర్ మీద తేలిగ్గా ఉంచి, బటన్‌తో తీయడం అన్నిటికంటే మృదువైన పద్ధతి. సమయం లేకపోతే బ్రేకే. స్టీరింగ్ తిప్పక తప్పకపోతే ఆ వెంటనే బ్రేక్ కూడా తాకించండి, క్రూయిజ్ మిగిలి ఉంటే అదీ పోతుంది. ఆ కారు నడిపే ఇంట్లోవాళ్లందరి చేతా ఈ అభ్యాసం చేయించాలి.

తప్పు లేన్‌లోకి పోతోంది, ఎగ్జిట్ దగ్గర ఆఖరి నిమిషంలో దూరుతోంది

రెండు కిలోమీటర్ల ముందే ఎగ్జిట్ లేన్‌లో ఉన్న కారు, ముందు బండి నెమ్మదిగా ఉందని పక్క లేన్‌కి మారుతుంది. తీరా ఎగ్జిట్ వచ్చాక వెనక్కి రావడానికి సందు దొరకదు. ముందు బండిని దాటాలన్న లెక్క, దారి పట్టాలన్న లెక్క రెండూ సాఫ్ట్‌వేర్‌లో పోటీ పడతాయి. ట్రాఫిక్ ఎంత దట్టంగా ఉందో, తిరిగి రావడం ఎంత కష్టమో అనే అంచనా దానికి మనకున్నంత లేదు.

లేన్లు అనవసరంగా మార్చకుండా ఉండే సెట్టింగ్ మీ కారులో ఉంటే, ఎగ్జిట్లు దగ్గరదగ్గరగా ఉన్న రోడ్ల మీద అది ఆన్ చేసుకోండి. కారు ఇండికేటర్ వేయగానే ఆ లేన్ మార్పు మీకు నచ్చకపోతే చాలా కార్లలో ఇండికేటర్‌ని వెనక్కి నెడితే ఆగిపోతుంది. ఎగ్జిట్ తప్పిపోయేలా ఉంటే పోనివ్వండి. ఇంకో దారి మ్యాపే చూపిస్తుంది. ఆఖరి క్షణంలో కారుతో పాటు మీరూ సందులోకి దూరడానికి చూడొద్దు.

ఇక రోడ్డు పని జరిగే చోటు. పాత లేన్ గీతల్ని గీకేసి కొత్తవి వేస్తారు. మామూలు పగటి వెలుగులో ఇబ్బంది ఉండదు. వాన వెలిసి, సూర్యుడు ముందునుంచి ఏటవాలుగా కొడుతున్నప్పుడు చూడండి: గీకిన చోట తారు నున్నగా ఉంటుంది కాబట్టి ఆ పాత గీత తళతళా మెరుస్తుంది, కొత్త తెల్ల గీత తడి రోడ్డులో కలిసిపోతుంది. మన కళ్లకే కష్టం. కారు ఆ మెరిసే గీతను పట్టుకుని నేరుగా బారికేడ్ వైపు పోతుంది. నారింజ రంగు కోన్లు కనబడగానే సిస్టమ్ తీసేయడం నా అలవాటు. మీకూ అదే చెబుతాను, ఇందులో మినహాయింపులు వద్దు.

జంక్షన్‌లో ముక్కుతూ ఆగుతోంది, లేదా ఆగాల్సిన చోట ఆగడం లేదు

ఎదురు ట్రాఫిక్‌ను దాటి తిరిగే మలుపు దీనికి గట్టి పరీక్ష. పక్కలకు చూసే కెమెరాలు చాలావరకు కారు పక్క స్తంభాల్లోనో, అద్దాల కిందో ఉంటాయి. మనం మెడ ముందుకు చాచి చూసినట్టు అవి చూడలేవు. అందుకే కారు మూతిని కొంచెం కొంచెం బయటికి పెడుతుంది, ఆగుతుంది, మళ్లీ కదులుతుంది. గోడో, పొదో, ఆగిన బండో అడ్డం ఉంటే ఈ తంతు పెరుగుతుంది. వెనకవాళ్లు హారన్ కొడతారు, మనకు చిరాకు పుట్టి యాక్సిలరేటర్ నొక్కుతాం. నొక్కడం తప్పు కాదు. రెండు వైపులా ఖాళీ అని మీరు స్వయంగా చూశాక మాత్రమే నొక్కాలి, ఎందుకంటే కారు ఏదో చూసే ఆగి ఉండొచ్చు. చూపు అసలు అందకపోతే మీరే నడిపి దాటండి.

ఆగాల్సిన చోట ఆగకపోవడం ఇంకా గట్టి సమస్య. 2023 ఫిబ్రవరిలో టెస్లా 3,62,758 కార్లకు రీకాల్ ప్రకటించింది. స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగకుండా జంక్షన్‌లోకి పోవడం, మలుపుకే కేటాయించిన లేన్‌లోంచి నేరుగా పోవడం, వేగ పరిమితి మారినప్పుడు సరిగ్గా స్పందించకపోవడం అందులో రాసిన లోపాలు. సరిచేసింది సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తోనే. అయినా ఏ కంపెనీ కారైనా సరే, సిగ్నల్ వస్తున్నప్పుడు కాలు బ్రేక్ పైకి మారాలి. కారు వేగం తగ్గించడం మొదలుపెట్టాల్సిన చోటు మీకు తెలుసు. అక్కడ మొదలుపెట్టకపోతే వెంటనే మీరు మొదలుపెట్టండి.

వేగం తప్పుగా పెడుతోంది

లారీలకు రాసిన పరిమితి, ర్యాంప్ మీది బోర్డు, స్కూలు వేళలకే వర్తించే అంకె, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌ని మోసం చేస్తాయి. గరిష్ఠ వేగాన్ని మీరే పెట్టుకోండి, పరిమితి మారిన ప్రతిచోటా స్క్రీన్ మీది అంకెను బోర్డుతో పోల్చుకోండి.

‘కెమెరాకు అడ్డం ఉంది’ అని వస్తోంది, లేదా ఉదయం సాయంత్రం తప్పులు పెరుగుతున్నాయి

ముందుగా చూడాల్సినవి ఎదురెండ, మంచు, దుమ్ము. 2024 అక్టోబరులో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ దాదాపు 24 లక్షల టెస్లా కార్ల మీద మొదలుపెట్టిన విచారణ సరిగ్గా ఇలాంటి మసక వెలుతురులో జరిగిన ప్రమాదాల గురించే. ఎదురెండ మీ కళ్లలో కొడుతుంటే కెమెరాలోనూ కొడుతోందని అర్థం. మీరు సన్ వైజర్ దించుకోగలరు, కెమెరాకు ఆ వీలు లేదు.

రెండో కారణం చాలామందికి తట్టదు. ముందు అద్దాన్ని బయటనుంచి ఎంత తుడిచినా హెచ్చరిక పోదు. లోపల ఉండే ప్లాస్టిక్, రెక్సిన్ భాగాలు ఎండకు వేడెక్కినప్పుడు వాటినుంచి వచ్చే ఆవిర్లు అద్దం లోపలివైపు పలచని జిడ్డు పొరలా పేరుకుంటాయి. కెమెరాల ముందున్న గూడులో చేయి పట్టదు కాబట్టి ఆ ముక్క ఎప్పుడూ తుడవబడదు. రాత్రి ఎదురు బండి లైటు పడ్డప్పుడు అక్కడ పాలలాంటి మసక కనిపిస్తే అదే కారణం. గూడు తీసి తుడిచే పని సర్వీస్ సెంటర్‌లో చేయించండి. అద్దం కొత్తది వేయిస్తే కెమెరాలను తిరిగి క్యాలిబ్రేట్ చేశారో లేదో, అంటే వాటి చూపును సరిగ్గా కుదిర్చారో లేదో అడిగి మరీ తెలుసుకోండి. అది సరిగ్గా లేకపోతే కారు లేన్ మధ్యలో కాకుండా ఒక పక్కకే ఒరిగి నడుస్తుంది.

ఆగి ఉన్న బండినో, రోడ్డు మీద పడ్డ వస్తువునో పట్టించుకోవడం లేదు

రాడార్ మీద ఆధారపడ్డ పాత పద్ధతుల్లో కదలనివాటిని కావాలనే వడకట్టేవారు. లేకపోతే ప్రతి బోర్డుకీ, వంతెనకీ బ్రేక్ పడుతుంది. ఆ వడపోతలో రోడ్డు మీద ఆగిన ఫైరింజన్ కూడా పోయే ప్రమాదం ఉంది. ఉత్తుత్తి బ్రేక్, అసలే పడని బ్రేక్ రెండూ ఒకే చోట పుట్టిన సమస్యలు, ఒకటి తగ్గిస్తే రెండోది పెరగొచ్చు. గుంతలు, ఊడిపడ్డ టైరు ముక్కలు, చెక్కలు ఇప్పటికీ సాఫ్ట్‌వేర్‌కి కష్టమే. ముందు బండికి మరీ దగ్గరగా వెళ్తే అవి మీకూ కనపడవు. దూరాన్ని అన్నిటికంటే ఎక్కువ సెట్టింగ్‌లో పెట్టుకోండి. తిరుగుతున్న ఎర్ర, నీలం లైట్లు కనబడితే కంట్రోల్ మీదే.

‘రోడ్డు చూడండి’ అని మాటిమాటికీ అలారం కొడుతోంది

నల్ల కళ్లద్దాలు, కిందికి దించిన టోపీ, మరీ వెనక్కి వాల్చిన సీటు, లోపలి కెమెరా మీద వేలిముద్రలు: వీటిని సరిచేసి చూడండి. స్టీరింగ్ బలాన్ని కొలిచే కార్లలో చేతులు ఊరికే ఆనించి ఉంచితే చాలదు, ఒక చేత్తో ఒక పక్క కొంచెం బరువు వేసి పట్టుకోవాలి. అప్పటికీ అలారం ఆగకపోతే ఆ అలారం నిజమే చెబుతోందేమో ఆలోచించండి.

ఈ అలారాన్ని మోసం చేయడానికి స్టీరింగ్‌కి బరువు కట్టే పరికరాలు కొనకండి. 2018 మార్చిలో అమెరికాలోని టెంపేలో ఊబర్ పరీక్షిస్తున్న కారు సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను ఢీకొట్టింది, ఆమె చనిపోయారు. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే కారు ఆమెను గుర్తించిందని దర్యాప్తులో తేలింది. కానీ ఒకసారి బండి అని, ఒకసారి సైకిల్ అని, ఒకసారి ఏదో వస్తువు అని మార్చుకుంటూ పోయింది. చూస్తూ ఉండాల్సిన మనిషి చూపు ఫోన్ మీద ఉంది. సాఫ్ట్‌వేర్ ఎటూ తేల్చుకోలేకపోయిన ఆ సెకన్ల కోసమే మనల్ని అక్కడ కూర్చోబెట్టింది.

కారు బాగా నడిచేకొద్దీ ఇలా చూస్తూ కూర్చోవడం కష్టమవుతుంది, తేలిక కాదు. పొరపాట్లు తగ్గితే మన ధ్యాసా తగ్గుతుంది. దూరప్రయాణంలో కొంతసేపు మీరే నడపండి, ఫోన్ చేతికి అందని చోట పెట్టండి. నిద్ర వస్తుంటే బండి పక్కకు ఆపండి. నిద్రమత్తులో ఉన్నప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ఆన్ చేయడం అన్నిటికంటే ప్రమాదకరమైన వాడకం.

అప్‌డేట్ తర్వాత కారు ప్రవర్తన మారిపోయింది

మారుతుంది. నిన్నటిదాకా చక్కగా తిరిగిన మలుపులో ఈరోజు తడబడొచ్చు. కొత్త వెర్షన్ వచ్చిన రోజున సెట్టింగులన్నీ ఒకసారి చూసుకోండి, కొన్ని మళ్లీ మొదటికి వెళ్లి ఉంటాయి. తెలిసిన దారిలో, ట్రాఫిక్ లేని వేళ, పిల్లలు లేకుండా నడిపి చూడండి. పాత వెర్షన్ మీద ఏర్పడ్డ నమ్మకాన్ని కొత్తదానికి బదిలీ చేయొద్దు.

తప్పు జరిగితే బండి ఆపాక రాసుకోవాల్సినవి: చోటు, సమయం, వెలుతురు ఎటునుంచి ఉంది, సాఫ్ట్‌వేర్ వెర్షన్, మీరు ఎలా ఆపారు. కారులో డ్యాష్ కెమెరా ఉంటే ఆ ముక్కను వెంటనే సేవ్ చేయండి, కొన్నిటిలో పాత వీడియో మీద కొత్తది రాసేస్తుంది. ‘బ్రేక్ సరిగ్గా పడటం లేదు’ అని చెబితే సర్వీస్ సెంటర్‌లో ప్యాడ్లు చూసి పంపేస్తారు. ఈ వివరాలు కాగితం మీద పెట్టి, కారు లాగ్ (కారులో తనంతట తానే నమోదయ్యే రికార్డు) తీసి చూడమని అడగండి.